పెద్దవల లోపం

ఆ యంత్రంలో లోపం ఒకటుందని డాక్టర్ అసిరితల్లికి పాతికేళ్ళుగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు. మొదట్లో సిగ్గేసి చెప్పలేదు, తరవాత అవసరం రాక చెప్పలేదు, ఆ తరవాత భయపడి చెప్పలేదు. మనిషి కడుపులో దాచుకునే మాటల్లో సగం ఇలా దాగినవే.

ఆ ఉదయం తీర రక్షణ మండలి పరిశోధనశాలలో ఎవరి బల్ల దగ్గర వాళ్ళు లేరు. అందరూ గోడ మీది తెర ముందు గుమిగూడారు. ఆ ఏటి 'నిలకడ ఆట'కి ఏ ఊరి పదో తరగతి వెళ్ళాలో చీటీ తీసే రోజు అది. దేవుడు లేడని చెప్పుకునే శాస్త్రవేత్తలు కూడా ఆ పూట పెదాలు కదుపుతూనే ఉన్నారు. మా ఊరు కాకూడదు, మా పిల్ల బడి కాకూడదు. అంతకు మించి ఎవరి దగ్గరా మంత్రం లేదు.

తెర మీద పేరు పడింది. గుల్లపేట ఉన్నత పాఠశాల. ఇరవై ఇద్దరు.

గదిలో అందరూ ఒక్కసారిగా 'హమ్మయ్య' అనుకున్నారు. ఎవరో నవ్వారు కూడా. నవ్విన మనిషి పక్కకి తిరిగి, అసిరితల్లిని చూసి నోరు మూసుకున్నాడు. గుల్లపేట ఆమె పుట్టిన ఊరు. ఆమె అన్న ఎర్రయ్య కడగొట్టు కూతురు దేముడమ్మ ఆ బడిలో, ఆ తరగతిలోనే చదువుతోంది.

"మీ ఊరికి దక్కిన గౌరవం అండీ డాక్టరు గారూ!" అంటూ వచ్చాడు డైరెక్టరు వైకుంఠరావు. ఎంత ఉక్కపోతలోనూ ఇస్త్రీ నలగని మనిషి. తుఫాన్లు వరసపెట్టి వచ్చి సగం తీరం మునిగిపోయాక, జనానికి క్రమశిక్షణ నేర్పుతామని బయలుదేరిన మండలిలో ఈయనది పెద్ద చెయ్యి. కుర్రతనంలో పాత జపాన్ సినిమాలు తెగ చూశాననీ, ఈ ఆట ఆలోచన అక్కడే పుట్టిందనీ గొప్పగా చెప్పుకుంటాడు. ఒక తరగతి పిల్లల్ని దీవిలో వదిలి, మెడలకి పట్టీలు బిగించి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోనిచ్చే కథలు అవి. తీసినవాళ్ళేమో 'ఇలాంటి రోజు రానివ్వకండర్రా' అని నెత్తీ నోరూ కొట్టుకుంటూ తీశారు. ఈయన వంటల పుస్తకం చదివినట్టు చూశాడు.

"పట్టీలు ఎప్పటిలాగే మీరే సరిచూడాలి. మీ యంత్రం కదా, మీ చెయ్యి పడితేనే మాకు ధైర్యం."

"అలాగేనండి" అంది అసిరితల్లి. తొమ్మిదేళ్ళుగా ఆమె అంటున్న మాట అదే. అనకపోతే ఏమవుతుందో మొదటి ఏడే చెప్పారు. ఉద్యోగంలో ఉంటే ఏదో ఒకటి చెయ్యొచ్చులే అని తనకి తాను చెప్పుకుంది. తొమ్మిదేళ్ళలో చేసిందేమీ లేదు.

మీ యంత్రం కదా. నిజమే, ఆమెదే.

ఆమెకి పన్నెండేళ్ళప్పుడు తండ్రి తెప్ప తిరగబడింది. కాపాడడానికి వెళ్ళిన పడవవాళ్ళు, అరుస్తున్నవాళ్ళని ముందు ఎక్కించుకున్నారు. తండ్రి అరవలేదు. మునిగిపోయేవాడు అరవడు, అరిచేవాడికి ఇంకా ఊపిరి ఉన్నట్టే. ఆ సంగతి ఆ పిల్ల మనసులో మేకులా దిగి, చదువంతా దాని చుట్టూనే తిరిగింది. చివరికి ఊపిరి పట్టీ తయారైంది. ఒక గుంపులో ఉన్నవాళ్ళందరి ఊపిరినీ గుండె వేగాన్నీ వింటుంది. ఎవరి ఊపిరి మిగతావాళ్ళకి ఎడంగా పోతోందో పట్టుకుని, 'ముందు వీణ్ణి ఎత్తండి' అని చెబుతుంది. ఆస్పత్రుల్లో పరీక్షించారు, పోలీసు శిక్షణలో పరీక్షించారు. ఎక్కడా పొల్లు పోలేదు.

ఆ గర్వంతోనే దాన్ని గుల్లపేట తీసుకెళ్ళింది. ఆ వేళ పెద్దవల వేశారు. పడవలో వలని సముద్రంలోకి తీసుకెళ్ళి అర్ధచంద్రాకారంగా వదిలి, దాని రెండు తాళ్ళనీ ఒడ్డున ఊరంతా నిలబడి లాగుతారు. నలభైమందికి పట్టీలు కట్టి, తెర మీద నలభై గీతల కోసం ఎదురుచూసింది. ఒక్క గీతే వచ్చింది. తీగలు విప్పి మళ్ళీ బిగించింది. మళ్ళీ ఒక్క గీతే. నలభైమందినీ యంత్రం ఒక్క మనిషనుకుంది.

వలకి పెద్ద ఆమె అన్న ఎర్రయ్యే, ఇసకలో కూలబడి నవ్వాడు. "తాడు కాడ మాకందరికీ ఊపిరొక్కటేనే బంగారూ! ఈ ముక్క తెల్సుకోడానికి ఇంత పెట్టె మోసుకొచ్చినావేటి?"

గుల్లపేట పద్ధతి అది. 'ఏసుకో' అంటే అందరూ అడుగు వెనక్కి వేస్తారు. 'లాగుకో' అంటే లాగుతారు. 'నిలుసుకో' అంటే ఊపిరి బిగబట్టి నిలబడతారు, ఈలోగా చివర ఉన్నవాడు తాడు చుట్ట చుడతాడు. బలవంతుడు తన బలం కొద్దీ లాగడానికి వీల్లేదు. ముసలివాళ్ళనీ, చిన్నపిల్లల్నీ, ఆయాసం మనుషుల్నీ తాడు మధ్యలో నిలబెడతారు, పాట వాళ్ళకి అందేంత నెమ్మదిగా సాగుతుంది. చేతకానివాడి అడుగే తాడుకి కొలత అంటారు. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళకీ చేపల్లో వాటా ఉంటుంది.

అసిరితల్లి ఊరి పిల్లే అయినా, ఆ రోజు శాస్త్రవేత్తగా వచ్చింది కాబట్టి నవ్వలేకపోయింది. నోటు పుస్తకంలో 'లోపం: పెద్దవల. సరిచేయాలి' అని రాసుకుంది. సరిచేయలేదు. ఆస్పత్రుల్లో ఎవరూ వల లాగరు కదా అనుకుంది.

తరవాత మండలి వచ్చింది. యంత్రాన్ని తీసుకుని అందులో ఒక్క మాట మార్చింది. 'ముందు ఎత్తండి' అన్న చోట 'ముందు తీసెయ్యండి' అని పెట్టింది. అంతే, పట్టీ నడుం మీంచి మెడ మీదికి ఎక్కింది.

ఆట మూడు రోజులు. రోజుకి ఎనిమిదిసార్లు గంట మోగుతుంది. గంట మోగినప్పుడల్లా యంత్రం అయిదు నిమిషాలు పిల్లల ఊపిరి విని, ఎవరిది అందరికీ ఎడంగా ఉంటే వాళ్ళ పట్టీ బిగిస్తుంది. పక్కవాణ్ణి హడలగొడితే వాడి ఊపిరి చెదిరి వాడు పోతాడు, నువ్వు మిగులుతావు. ఈ కిటుకు పిల్లలకి మొదటి పూటే తెలిసిపోతుంది. రెండో రోజుకల్లా ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు ఒకరినొకరు రాళ్ళతో తరుముకుంటారు. ఇదంతా వీధి వీధినా తెరల మీద చూపిస్తారు. చూడకపోతే శిక్ష. ఆట మొదలయ్యాక తీరంలో ఇరుగుపొరుగులు అరుగుల మీద కూర్చోవడం మానేశారు. మండలికి కావలసింది అదే.

ఇందులో మనిషి చెయ్యి పడదని మండలి చట్టం చేసి మరీ చాటుకుంటుంది. తేల్చేది యంత్రమే. డైరెక్టరు కూడా మీట నొక్కి ఒకణ్ణి చంపలేడు, ఒకణ్ణి కాపాడలేడు. ఇది న్యాయమని వాళ్ళంటారు. అసలు సంగతేమిటంటే, చంపింది నేనే అని ఒప్పుకునే దమ్ము వాళ్ళలో ఒక్కడికీ లేదు.

ఎర్రయ్య చెల్లెలితో మాట్లాడి తొమ్మిదేళ్ళయింది.

గుల్లపేట పిల్లల్ని పరిశోధనశాల వెనక వ్యాయామశాలకి తెచ్చారు. ముందు పరీక్ష పరుగు. ఎవరికి వాళ్ళు పరిగెత్తారు, యంత్రం ఇరవై రెండు గీతలు గీసి, గున్నమ్మ అనే బొద్దుపిల్ల దగ్గర ఎర్రచుక్క పెట్టింది. ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. మూడు చుట్లకే పిల్లనగోవిలా ఈలలు వేస్తూ కూలబడింది.

"భలే పట్టిందే! పాపం ఈ అమ్మాయి మొదటి గంటకే" అన్నాడు వైకుంఠరావు జాలిగా. ఆ జాలి నిజమైనదే, అదే ఆ మనిషిలో భయంకరమైన విషయం. "లోపాలేమైనా ఉన్నాయాండీ?"

"ఏమీ లేవండి" అంది అసిరితల్లి. శాస్త్రవేత్తగా ఆమె ఆడిన మొదటి అబద్ధం. నోట్లోంచి అంత నున్నగా జారిపోయినందుకు ఆమే ఆశ్చర్యపోయింది.

పట్టీలు కట్టేటప్పుడు పిల్లలతో 'పీల్చు, వదులు' తప్ప మరో మాట మాట్లాడకూడదు. ఒక్కొక్కరే వచ్చారు. పరుగులోనూ ఈతలోనూ మొనగాడు, గురువులు అనే కుర్రాడు, మెడ నిటారుగా పెట్టుకుని వచ్చాడు. పొడుగ్గా, ఎముకల పోగులా ఉన్న రాములప్పడు పళ్ళు కొరుక్కుంటూ వచ్చాడు. గున్నమ్మ ఏడుస్తూ వచ్చింది. ఆఖర్న దేముడమ్మ వచ్చి, మేనత్త కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఇది నువ్వు సేసిందేనటగా అత్తా."

"పీల్చు. వదులు."

"నాన సెప్తే నమ్మనేదు. గిట్టనోళ్ళు అంతన్నారనుకున్నాను."

వైకుంఠరావు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. అసిరితల్లి పట్టీ సరిచేస్తున్నట్టుగా దాని మీద వేలితో కొట్టింది. ఏసుకో. లాగుకో. నిలుసుకో. మళ్ళీ కొట్టింది. ఏసుకో. లాగుకో. నిలుసుకో. ఈ పిల్లకి అర్థమైతే చాలు, ఇరవై రెండు ప్రాణాలూ దక్కుతాయి.

"సెయ్యి తియ్యి" అంది దేముడమ్మ, మెడ విదిలించుకుంటూ.

దీవి పేరు తాబేటి దిబ్బ. ఇసక, నాలుగు సరుగుడు చెట్లు, ఇసకలో సగం కూరుకుపోయిన పాత పడవ, దానికి వేలాడుతున్న లావుపాటి తాడు. అసిరితల్లి పరిశోధనశాలలో యంత్రం తెర ముందు కూర్చుంది. పక్క తెర మీద దీవి కనబడుతోంది.

మొదటి గంటకి పిల్లలందరూ ఒకచోట ముద్దలా చేరి వణుకుతున్నారు. గురువులు ఒక్కడే వేరుపడ్డాడు. ధైర్యం గలవాడు కాబట్టి దీవి ఆ చివరికి పరిగెత్తి, సరుగుడు చెట్టెక్కి, ఊపిరి కుదుటపరుచుకుని నిబ్బరంగా కూర్చున్నాడు. గంట మోగింది. భయంతో అదిరే ఇరవై ఒక్క ఊపిర్లకీ, నిబ్బరంగా ఉన్న ఆ ఒక్క ఊపిరికీ మధ్య ఎంత ఎడమో యంత్రం చూసింది. అది వెతికేది తేడాని, బలహీనతని కాదు. ఈ సంగతి అసిరితల్లికి తెలుసు, మండలికి పట్టదు.

ఆమె కళ్ళు మూసుకుంది. నువ్వు చేసిందేగా, చూడు అనుకుని మళ్ళీ తెరిచింది. మొత్తం చూసింది.

"బలహీనుడు తొలగిపోయాడు" అంది ఆటని జనానికి వర్ణించే తెరలోని గొంతు.

రెండో గంటకి ఇంకా కొంచెమే వ్యవధి ఉంది. తొమ్మిదేళ్ళుగా వీధి తెరల మీద చూసి చూసి, ఏం చెయ్యాలో ఆ పిల్లలకి కంఠతా వచ్చు. రాములప్పడు వంగి రాయి తీశాడు. అందరి కళ్ళూ గున్నమ్మ మీదికి తిరిగాయి. ఆ పిల్ల ఇసకలో చతికిలబడి ఈలలు వేస్తూ ఏడుస్తోంది. రాయి విసరక్కర్లేదు, చూపిస్తే చాలు. రాములప్పడు నాలుగడుగులు ముందుకి వేశాడు. వాడూ ఏడుస్తూనే ఉన్నాడు.

"ఒరే రాములూ" అంది దేముడమ్మ. "ఆ రాయి పారేసి తాడట్టుకో."

"ఏ తాడే?"

"అదిగో, ఆ పడవది. గున్నమ్మ ఏడుస్తంటే సూస్తన్నావేటి? మద్దిన నిలబెట్టండి దాన్ని."

గుల్లపేటలో పిల్లలు జడుసుకుంటే ఊరుకోబెట్టే పద్ధతి అదే. తాడు మధ్యలో నిలబెడతారు, ముందూ వెనకా మనుషులుంటారు, పాట ఉంటుంది. కాసేపటికి ఏడుపు దానంతటదే ఆగుతుంది. దేముడమ్మకి యంత్రంలోని లోపం సంగతి తెలియదు. స్నేహితురాలు ఏడుస్తోంది, పక్కన తాడుంది, అంతే. రాములప్పడు చేతిలో రాయికేసి ఎవరిదో అన్నట్టు చూసుకుని, దాన్ని సముద్రంలోకి గిరాటేశాడు.

ఇరవై ఒక్కమందీ తాడు పట్టుకున్నారు. ఏసుకో. లాగుకో. నిలుసుకో. గున్నమ్మకి అందలేదు. పాట నెమ్మదించింది. మళ్ళీ అందలేదు. ఇంకా నెమ్మదించింది. ఇసకలో పాతుకుపోయిన పడవ ఎందుకు కదులుతుంది? తెరలోని గొంతు పకపకా నవ్వింది. "పిల్లలకి మతి పోయినట్టుంది, ఒట్టి పడవని లాగుతున్నారు!"

గంట మోగింది.

పరిశోధనశాల తెర మీద ఇరవై ఒక్క గీతలు చిక్కుపడ్డ దారాల్లా మెలికలు తిరిగాయి. తరవాత ఒకదానికొకటి దగ్గరయ్యాయి. నాలుగో నిమిషానికి రెండే మిగిలాయి. అయిదో నిమిషానికి ఒకటే గీత, నెమ్మదిగా, నిండుగా, ఒడ్డుకొచ్చే అలలా లేచి పడుతోంది. అసిరితల్లి ఆ గీతని జీవితంలో రెండోసారి చూస్తోంది.

యంత్రం చాలాసేపు వెతికింది. చివరికి రెండు మాటలు రాసింది: ఎవరూ లేరు.

మూడో గంటకీ ఎవరూ లేరు. నాలుగో గంటకీ ఎవరూ లేరు. నవ్వే గొంతు నవ్వడం మానేసింది. అసిరితల్లికి గుండె ఉప్పొంగిపోయింది. ఇంతకు ముందు బిరుదులు వచ్చినప్పుడు కూడా ఇంత గర్వం కలగలేదు. నా ఊరి పిల్లలు, నా అన్న కూతురు, అని గట్టిగా అరవాలనిపించింది. ఆ వెంటనే చెట్టు కింద పడి ఉన్న గురువులు గుర్తొచ్చాడు. వాడూ తన ఊరి పిల్లవాడే. ఒక్క గంట ముందు ఆ తాడు పట్టుకుని ఉంటే బతికేవాడు. ఆమె పక్క తెర మీద ఆ చెట్టునే చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలేసరికి ఎనిమిది గంటలూ అయిపోయాయి. వైకుంఠరావు చొక్కా మొదటిసారి నలిగింది. అన్ని ఊళ్ళనుంచీ కబుర్లు వస్తున్నాయట. తెరల ముందు జనం ఊరికే నిలబడడం లేదట. మంగలి షాపులో, చేపల సంతలో, బస్సుల కోసం నిలబడ్డ చోట, పిల్లలతో పాటు ఊపిరి తీసి వదులుతున్నారట. కొన్నిచోట్ల చేతులు కూడా పట్టుకున్నారట.

"పాతికేళ్ళ కిందటి మీ నోటు పుస్తకం తెప్పించి చూశానండీ" అన్నాడు. "'లోపం: పెద్దవల.' మీరు నాతో ఏం చెప్పారు?"

"లేదని చెప్పాను."

"అయిందేదో అయింది. తేడా మరీ తక్కువుంటే యంత్రం ఊరుకోవడానికి మీరొక హద్దు పెట్టారట, మా వాళ్ళు చెప్పారు. ఆ హద్దు సున్నా చేసెయ్యండి. ఆవగింజంత తేడా ఉన్నా పట్టుకుంటుంది. దాని తాళం మాట మీకొక్కరికే తెలుసు. రేపు మొదటి గంటలోగా అయిపోవాలి."

ఆ పని ఆమెకి చిటికెలో అయిపోతుంది. తొమ్మిదేళ్ళుగా 'అలాగేనండి' అన్న నోరు మళ్ళీ అదే అనబోతుందేమోనని ఆమెకే భయం వేసింది.

"నేను ఆ ముక్క తప్పు రాసుకున్నానండి" అంది నెమ్మదిగా. "అది లోపం కాదు. ఈ యంత్రాన్ని మునిగిపోయేవాళ్ళని వెతకడానికి చేశాను. అక్కడ మునిగిపోయేవాళ్ళెవరూ లేరు. యంత్రం ఉన్న మాటే చెబుతోంది. నేను మార్చను."

"యంత్రానికి అడ్డొచ్చినవాళ్ళ సంగతి యంత్రమే తేలుస్తుందని చట్టం ఉంది, మర్చిపోయారా? పొద్దున్నే మిమ్మల్ని దిబ్బ మీద దింపాల్సి ఉంటుంది." ఆయన గొంతులో మళ్ళీ ఆ జాలి. "మీ వయసుకి, మీ ఊపిరికి, ఒక్క గంట కూడా ఆగలేరు. ఆలోచించుకోండి."

అసిరితల్లి బల్ల మీదినుంచి ఒక పట్టీ తీసుకుంది.

"నేనే సరిచూసి కట్టుకుంటానండి. నా చెయ్యి పడితేనే కదా మీకు ధైర్యం."

పొద్దున్న మరపడవ ఆమెని మోకాలి లోతు నీళ్ళలో దింపేసి వెనక్కి తిరిగింది. ఒడ్డెక్కేసరికే ఆయాసం వచ్చింది. ఏభై ఎనిమిదేళ్ళ వయసు, నలభై ఏళ్ళుగా కుర్చీలో పని. పడవ దగ్గర పిల్లలు లేచి నిలబడి చూస్తున్నారు, ఎవరూ పలకరించలేదు. ఆమె వాళ్ళవైపు వెళ్ళలేదు. తన చెదిరిన ఊపిరి తాడు మీద పడితే అందరి పాటా పాడవుతుంది. దూరంగా ఉంటే తనొక్కర్తే ఎడంగా కనబడుతుంది, యంత్రం తననే తీసుకుంటుంది, పిల్లలకి ఈ గంట గడుస్తుంది. ఇది రాత్రే వేసుకున్న లెక్క.

దీవి చివరికి నడిచింది. సరుగుడు చెట్టు కింద ఇసక దిబ్బగా పోసి ఉంది. దాని మీద ఆకులో ఒక రొట్టెముక్క, రెండు ఖర్జూరాలు. పిల్లలకిచ్చిన తిండిలోంచి తీసి పెట్టిన గురువులు వాటా. అసిరితల్లి అక్కడే కూలబడింది.

"ఎక్కడికొచ్చేసినావత్తా?" వెనక దేముడమ్మ నిలబడి ఉంది. "గంటైపోతంది. రా."

"నన్నొగ్గేయే తల్లీ." ఎన్నేళ్ళ తరవాతో ఊరి మాట దానంతటదే వచ్చింది. "నాకు ఆయాసం. మీ పాట సెడిపోతాది."

"సేతకానోడి అడుగే కదత్తా కొలత. మర్సిపోనావేటి?"

"నిన్న నీ పట్టీ మీద వేలితో కొట్టినాను. నీకు తెలిసిందా?"

"నీ వేళ్ళు నాకేటీ సెప్పనేదు. గున్నమ్మ ఏడ్సింది, మద్దిన నిలబెట్టినాం. అంతే."

అసిరితల్లికి అది విని సిగ్గు కలగలేదు, సంతోషం కలిగింది. వీళ్ళకి తన ఉపాయం అవసరం పడలేదు. ఇసక దిబ్బకేసి చూపించి అంది, "వీణ్ణి సంపింది నా యంత్రమేనే."

దేముడమ్మ సముద్రం కేసి చూసి, మళ్ళీ మేనత్త కేసి చూసింది.

"అవును. సంపింది. అది మేం మర్సిపోం. గురువులు వాళ్ళమ్మకి నువ్వే సెప్పాల. గుమ్మంలో నిలబడి, ఎదురుగా సెప్పాల. దానికి నువ్వు బతకాలి కదా. లెగు, తాడట్టుకో."

చెయ్యి చాపింది. అసిరితల్లి పట్టుకుని లేచింది.

ఆమెని గున్నమ్మ పక్కన నిలబెట్టారు. తాడు ఎండకి వేడెక్కి, ఉప్పుకి గరుకెక్కి ఉంది. ఆ గరుకు ఆమె అరచేతులకి ఇంకా గుర్తుంది. గంట మోగింది. ఏసుకో. ఆమె అడుగు తడబడింది. లాగుకో. ఊపిరి అందలేదు. మెడ మీద పట్టీ తేనెటీగలా రొద మొదలుపెట్టింది. ఆ రొద అర్థమేమిటో ఆ దీవిలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. యంత్రం తనని వేరు చేసింది. ఇంకో మూడు నిమిషాలు.

"నెమ్మది" అంది ముందునుంచి దేముడమ్మ. "అత్తకి అందట్లేదు. నెమ్మది."

పాట నెమ్మదించింది. రాములప్పడి పొడుగు కాళ్ళు చిన్న అడుగులు వేశాయి. ఉబ్బసపు గున్నమ్మ, ఇంకొకరి కోసం తన ఊపిరి నిదానం చేసింది. బహుశా పుట్టాక మొదటిసారి ఆ పిల్ల ఇంకొకరికి కొలత సరిచేస్తోంది, ముఖం వెలిగిపోతోంది. "అలాగేనత్తా, అలాగే, నిలుసుకో" అని గుసగుసగా చెబుతోంది. ఇరవై ఒక్కమందీ మెట్టు మెట్టుగా దిగి, ఒక ముసలి ఆయాసం దగ్గరికి వచ్చి ఆగారు. అక్కణ్ణుంచి అందరూ కలిసి లేచారు.

నిలుసుకో. అసిరితల్లి ఊపిరి బిగబట్టింది. ఇరవై రెండు ఊపిర్లూ ఒక్కసారే నిలిచాయి. పట్టీ రొద సన్నగిల్లి, ఆగిపోయింది.

అయిదు నిమిషాలూ గడిచాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

"కదిలిందర్రా!" అని అరిచాడు రాములప్పడు. పడవ జానెడు ఇసకలోంచి బయటికి వచ్చింది.

మూడో రోజు పొద్దు గుంకే వేళకి పట్టీల్లో శక్తి అయిపోయి వాటంతటవే విడిపోయాయి. పిల్లలు వాటిని ఇసకలో వదిలేశారు. అప్పటికి పడవ పూర్తిగా బయటపడింది, కానీ అడుగు చిల్లులు. దాంతో పనేం పడలేదు. సముద్రం నిండా పడవలు వస్తున్నాయి. గుల్లపేటవే కాదు, ఏ ఊళ్ళవో కూడా. కాపలా మరపడవలు అడ్డం రాలేదు. అన్ని పడవల్లో ఎవరికని అడ్డం వస్తాయి? మరుసటి ఏడు చీటీల పెట్టె తెరవడానికి మండలిలో ఒక్క చెయ్యీ లేవలేదు.

ముందు పడవలోంచి ఎర్రయ్య నీళ్ళలోకి దూకి వచ్చి, కూతుర్ని గుండెకి హత్తుకున్నాడు. తరవాత చెల్లెలి కేసి చూశాడు. తొమ్మిదేళ్ళ మాటల్లో ఏది ముందు అనాలో తెలియక, "జారుడుగుంటాది. నా సెయ్యట్టుకుని ఎక్కు" అన్నాడు.

గురువుల్ని తెల్లని గుడ్డలో చుట్టి ముందు పడవలోనే పడుకోబెట్టారు. వాడి వాటా ఆకుని అసిరితల్లి ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా గాలికి ఎగరకుండా చెయ్యి అడ్డం పెట్టే ఉంది.

గుల్లపేట ఒడ్డుకి పడవ తగలగానే అందరికంటే ముందు ఆమె దిగింది. గురువులు తల్లి ఇల్లెక్కడో అడగక్కర్లేదు, ఊరంతా ఆ గుమ్మం ముందే నిలబడి ఉంది. ఆకు రెండు చేతుల్తోనూ పట్టుకుని ఇసకలో ఒక అడుగు వేసింది, ఆగింది, ఇంకో అడుగు వేసింది. వెనక ఇరవై ఒక్కమంది పిల్లలు ఆమె అడుగంత నెమ్మదిగా నడిచి వస్తున్నారు.